అమ్మకి చెప్పని మాత్ర

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మది ఒకటే మాట. "ఏమే, పిల్లాడు ఇలా నల్లబడ్డాడేంటి? అక్కడ ఎండే ఉండదంటావుగా!"

"మందుల వల్లమ్మా" అని మాట మార్చేసేదాన్ని. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎవరూ పట్టించుకోరు. తెనాలిలో అమ్మ ఫోన్ పట్టుకుంటే చుట్టూ నలుగురుంటారు.

మావాడికి సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్), పుట్టుకతో వచ్చిన జబ్బు. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తే సూక్ష్మజీవులు అక్కడే కాపురం పెట్టేస్తాయి. వాటిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మాకు పాతదే. దానికి టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు పీల్చడం, 28 రోజులు ఆపడం అలవాటైపోయింది. కిందటేడు కఫంలో బయటపడింది మాత్రం మైకోబ్యాక్టీరియం ఆబ్‌సెసస్. క్షయ, కుష్ఠు బ్యాక్టీరియాలకి చుట్టమే గానీ మామూలు టీబీ మందులకి లొంగదు. ఒక సీఎఫ్ పిల్లాడి నుంచి ఇంకొకరికి పాకొచ్చని, క్లినిక్‌లో ఆఖరి అపాయింట్‌మెంట్ ఎప్పుడూ మాదే.

ఒక్కసారి కనబడితే నమ్మరు. మళ్లీ మళ్లీ కఫం తీసి, స్కాన్ చూసి, అప్పుడు మొదలుపెట్టారు. వారాల తరబడి నరంలోకి అమికాసిన్, ఇమిపెనెమ్, టైగిసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు. ఆ టైగిసైక్లిన్ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకే కడుపులో తిప్పుతుంది. రెండు ముద్దల పెరుగన్నం కూడా వాడి కడుపులో నిలిచేది కాదు. అమికాసిన్ వినికిడిని దెబ్బతీస్తుందని చెవుల పరీక్షలు కూడా. హెడ్‌ఫోన్స్‌లో 'కీ'మన్నప్పుడల్లా బటన్ నొక్కాలి. వాడు కాసేపు నొక్కకపోతే గాజు తలుపు ఇవతల నాకు టెన్షన్.

ఇప్పుడు ఇంట్లోనే: పీల్చే అమికాసిన్, అజిత్రోమైసిన్, క్లోఫజిమిన్. కఫం శుభ్రపడ్డాక కూడా ఇంకో 12 నెలలు వాడాలట.

రంగు మార్చింది ఆ క్లోఫజిమినే. 1954లో డబ్లిన్‌లో క్షయ కోసం తయారుచేస్తే, చివరికి కుష్ఠు మందుగా స్థిరపడింది. వాడి చెమటకి దిండు గలీబులు కూడా గులాబీ రంగు తేలాయి.

మొన్న అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు తనే ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "ఆ గోధుమరంగు క్యాప్సూలేనా?" అంది.

నాకు నోట మాట రాలేదు. అమ్మ రిటైరైన ఏఎన్ఎం. ఆ కుష్ఠు మాత్రలు ఎన్ని ఊళ్లు తిరిగి పంచిందో!

"ఆ రంగుకి భయపడే సగంలో మానేసేవాళ్లు. వీణ్ణి మాననివ్వకు. ఆపేశాక నెమ్మదిగా పోతుందిలే. చర్మం పొడిబారుతుంది, స్నానం చేయించగానే కొబ్బరినూనె రాయి. అక్కడ దొరుకుతుందా, పంపించనా?"