ఎడమది ఆగుతుంది, కుడిది ఆగదు

పెల్విక్ ఎక్సెంటరేషన్ అనే ఆపరేషన్‌లో నాకు మూత్రాశయం, పురీషనాళం రెండూ తీసేశారు. ఇప్పుడు పొట్ట మీద రెండు రంధ్రాలు, వీటినే స్టోమా అంటారు: ఎడమవైపు మలానికి కొలోస్టమీ, కుడివైపు మూత్రానికి యూరోస్టమీ. కుడిదాన్ని చిన్నపేగులోంచి 15–20 సెంటీమీటర్ల ముక్క తీసి, మూత్రనాళాలు రెండూ దానికి కుట్టి, ఒక కొసను చర్మం మీదికి తెచ్చి చేస్తారు. పేగుముక్క కాబట్టి జిగురు ఊరుతూనే ఉంటుంది. మూత్రంలో తెల్లటి పోగులు కనబడితే చీము పట్టిందేమోనని హడలిపోనక్కర్లేదు.

ఎడమదానికి కొంత వేళాపాళా ఉంది. టిఫిన్ తిన్న కాసేపటికి కదులుతుంది, తర్వాత ఊరుకుంటుంది. కుడిదానికి ఆ మర్యాద లేదు, చుక్క వెంట చుక్క. అందుకే ప్లేటు (స్టోమా చుట్టూ చర్మానికి అంటించి, బ్యాగును పట్టి ఉంచే జిగురు బిళ్ళ) మార్చడానికి ముహూర్తం కుడిదాన్ని బట్టే. మూడు నాలుగు రోజులకోసారి, తెల్లారి లేవగానే, కాఫీ కూడా తాగకముందు. అప్పుడే ధార తక్కువ.

ప్లేటు ముందే కత్తిరించి పెట్టుకోవాలి. కొత్త బ్యాగు కొళాయి మూసి ఉందో లేదో చూడాలి, అది మరిస్తే పాదాలు తడుస్తాయి. ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి, పాతదాన్ని పైనుంచి కిందికి ఒలవాలి. గోరువెచ్చని నీళ్ళు చాలు. డెట్టాల్, స్పిరిట్ చర్మాన్ని మండిస్తాయి, కొబ్బరినూనె రాస్తే ప్లేటు అంటదు. తుడిచేటప్పుడు కాస్త రక్తం అంటుకోవడం మామూలే. ఇక కీలకం: గాజ్‌గుడ్డను వత్తిలా చుట్టి స్టోమా నోటికి ఆనించి పెట్టాలి. వచ్చే చుక్కల్ని అది పీల్చుకుంటుంటే ఈలోగా చుట్టూ చర్మం ఆరుతుంది. ప్లేటు రంధ్రం స్టోమా కంటే 2–3 మిల్లీమీటర్లే ఎక్కువుండాలి. అంటించాక అరచెయ్యి ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచితే ఆ వేడికి జిగురు పడుతుంది.

మొదటి 6–8 వారాల్లో వాపు తీసి స్టోమా చిన్నదవుతుంది. పాత కొలతకే కత్తిరిస్తూ పోతే చుట్టూ చర్మం మూత్రంలో నాని, తెల్లగా ఉబ్బి మండుతుంది. వారానికోసారి కొలవాల్సిందే. రెండు ప్లేట్ల అంచులు ఒకదానిమీదొకటి ఎక్కినా లీకే, ఒకదాని అంచు కాస్త కత్తిరించాలి. రెండూ ఒకేరోజు మార్చాల్సొస్తే ముందు మూత్రానిదే చెయ్యాలి, మలం తాకిన చేతులు అటు వెళ్ళకూడదు.

బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, బరువుకి ప్లేటు లేస్తుంది. రాత్రికి 2 లీటర్ల నైట్‌బ్యాగు తగిలించి, మంచం కంటే కిందుగా వేలాడదియ్యాలి. తగిలించేముందు చిన్న బ్యాగులో కాస్త మూత్రం ఉంచితే గొట్టంలో గాలి అడ్డం పడదు.

లీకు భయంతో నీళ్ళు తగ్గించడం అందరూ చేసే పొరపాటు. మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షన్లు ఎక్కువ. డాక్టరు వద్దంటే తప్ప రోజుకి 2 లీటర్లకు పైనే తాగాలి. స్టోమా చుట్టూ గరుకు తెల్లపొడి పేరుకుంటే వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి, తడిపిన గుడ్డ కొన్ని నిమిషాలు వెయ్యాలి. బీట్‌రూట్ తిన్నరోజు మూత్రం ఎర్రగా వస్తే బెంబేలెత్తకండి. క్యాబేజీ, శనగలు తింటే ఎడమ బ్యాగు బూరలా ఉబ్బుతుంది. ప్రయాణం ముందురోజు వద్దు.

ల్యాబ్‌లో యూరిన్ కల్చర్‌కి (మూత్రంలో క్రిముల పరీక్షకి) బ్యాగు కొళాయి తిప్పి పట్టివ్వమంటారు, ఒప్పుకోవద్దు. బ్యాగులో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. స్టోమాలోంచి సన్న గొట్టంతో తీసిందే సరైన శాంపిల్.

లంగా బొందు, లుంగీ ముడి స్టోమా మీద పడకూడదు. స్టోమా నల్లబడినా, చలిజ్వరంతో నడుం పక్కన నొప్పొచ్చినా, ఎడమది పూర్తిగా ఆగి వాంతులైనా, ఆ పూటే ఆసుపత్రికి. బయటికెళ్తే కత్తిరించి ఉంచిన సెట్టు, రెండువైపులకీ, చేతిసంచిలోనే. ఎండలో ఉన్న కారులో వదిలారా, ప్లేటు జిగురు కరిగి పనికిరాకుండా పోతుంది.