అమ్మ ఎందుకు నవ్వింది

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దమావయ్య అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "గుంటల్ని ఆడించడానికి కూడా డిప్లొమా ఏటమ్మా? మీ అమ్మ ఏ డిప్లొమా చదివిందని?" అందరూ నవ్వారు. ఆయన మీద నాకు కొత్తగా వచ్చిన కోపం ఏమీ లేదు. కానీ అమ్మ కూడా నవ్వింది. నిద్ర పట్టనివ్వనిది అదే.

దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో నేను చదువుతున్న ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) డిప్లొమా అది. ఇంటర్ పాసైతే చేరొచ్చు, తక్కువలో తక్కువ ఏడాది. మూడు థియరీ, ఒక ప్రాజెక్టు. పిల్లలతో ఏం చేయించాలో ముందే ఆలోచించుకోవాలి, చేయించాలి, వాళ్లు ఏం చేశారో చూసి రాయాలి. చదివేవాళ్లకి తెలుస్తుంది అది ఎంత పనో.

మావయ్య మనవరాలికి మూడున్నరేళ్లు. సాయంత్రం ట్యూషన్. ఈ రోజు కూడా భోజనాలయ్యాక నాలుగు గీతల పుస్తకం ముందేసుకుని ఏబీసీడీలు దిద్దుతోంది. పెన్సిల్ని పిడికిలితో పట్టుకుంది, బొటనవేలు లోపలికి ముడుచుకుపోయి ఉంది, మోచెయ్యి మొత్తం కదిపి గీస్తోంది. ఆ వేళ్లకి ఇంకా ఆ బలం రాలేదు. పిండి పిసకాలి, పూసలు గుచ్చాలి, కాగితాలు చింపాలి, ఆ తర్వాత గదా రాత! పక్కన కూర్చున్న వాళ్లమ్మ "గీత దాటిందే" అని చెరిపి మళ్లీ రాయిస్తోంది. మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు. ఇంట్లో వైరింగు చేయడానికి వచ్చినవాడిని ఐటీఐ చేశావా అని అడిగే మావయ్యకి, ఆ ఆరేళ్లు ఎవరి చేతిలో పెడుతున్నామో అడగాలనిపించదా?

ఇంత కోపంగా రాస్తున్నాను గానీ, ఆయన రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. అమ్మ ఏం చదివింది? పదో తరగతి. గజపతినగరం అవతల ఆ రేకుల గదిలో అంగన్‌వాడీ టీచరుగా చేరినప్పుడు ఇచ్చిన ట్రైనింగు, అంతే.

ఆ గది నాకు బాగా గుర్తు. అమ్మ వేసవిలో చింతపిక్కలు కడిగి, ఎండబెట్టి, ఒక్కోదాన్నీ ఒక పక్క గచ్చు మీద అరగదీసేది. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. పెద్దపిల్లలు దోసిట్లో వేసి గలగలలాడించి వదిలి, తెల్లవి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టేవాళ్లు. పలక ముట్టకుండానే పది దాకా లెక్క వచ్చేసేది. రెండేళ్లవాళ్లెవరైనా అటు వస్తే అమ్మ ఇంకో మాట లేకుండా డబ్బా ఎత్తి గూట్లో పెట్టేసేది, నోట్లో పెట్టుకుంటారని. ఎవరి చేతికి ఏ వయసులో ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అని నేనిప్పుడు రాత్రిళ్లు చదువుతున్నది అదే. తూకం రోజున గోల! ఉయ్యాల్లాంటి గుడ్డలో కూర్చోబెట్టి వేలాడదీస్తే పిల్లలు ఏడుపు లంకించుకునేవాళ్లు. అమ్మ ఒక చేత్తో వాళ్ల పాదం పట్టుకుని, ఇంకో చేత్తో బరువు చార్టులో చుక్క పెట్టేది. ఆ పాదం పట్టుకోవడం ఏ పాఠంలోనూ లేదు.

మరి కాగితం దేనికి? మావయ్య అన్నదే నిజమా? సాయంత్రమంతా ఇదే ఆలోచన.

బీరకాయలు తరుగుతూ అమ్మకి, నేను చూసుకునే చిన్నపిల్లల క్లాసులో ఒక బాబు సంగతి చెప్పాను. నాలుగేళ్లవాడు. "మొండి, పిలిస్తే పలకడు" అని అందరూ అనేవాళ్లు. ప్రాజెక్టు కోసం వాడి గురించి రాయడం మొదలుపెట్టాను. ఎదురుగా పిలిస్తే చూస్తాడు, వెనక నుంచి పిలిస్తే తిరగడు. అభినయ గేయంలో పక్క పిల్లాడి చేతులు చూశాకే తన చేతులు ఎత్తుతాడు. తేదీలతో సహా ఆ కాగితాలు వాళ్లమ్మ చేతిలో పెట్టాను. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే లోపల నీరు చేరిందన్నారు. మందులు వాడుతున్నారు.

అమ్మ కత్తిపీట పక్కన పెట్టేసింది. తన సెంటర్లోనూ అలాంటి పిల్ల ఉండేదట. "వినపడట్లేదని నాకు తెలుసే. వాళ్ల నాన్నకి చెబితే నీకెందుకమ్మా, నువ్వేటి డాక్టరువా అన్నాడు. ఎలా చెబితే వింటాడో నాకు తెలీలేదు." ఆ పిల్ల బడికి వెళ్లనే లేదు. ఇప్పటికీ మాట రాదు.

ఆ జాతీయ విద్యా విధానంలోనే, ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా అని ఉంది. అది చెబితే అమ్మ "నాకప్పుడు ఇచ్చుంటే రాత్రిళ్లు కూర్చుని చదివేదాన్ని" అంది. అమ్మకి అన్నీ తెలుసు కాబట్టి కాగితం అక్కర్లేదు అనుకున్నాను ఇందాక. ఇప్పుడు అలా అనలేను. ఆవిడ మాటకి ఆ ఊళ్లో విలువ ఇప్పించే కాగితం ఒకటి ఉండాల్సింది. జీతం పెంచకుండా కోర్సులు మాత్రం చేయమంటే దాని మీదా నాకు కోపమే, అది ఇంకో రోజు రాస్తాను.

మరి మధ్యాహ్నం ఎందుకు నవ్వావే అని అడిగాను.

"అన్నయ్య కదే" అంది.

ఇంకేం అంటాను. డిసెంబర్ పరీక్షకి ఆరోగ్యం, పోషకాహారం పేపరు నేనింకా ముట్టుకోలేదు. విటమిన్ ఏ సిరప్ ఎప్పుడెప్పుడు వేస్తారని అడిగితే అమ్మ గడగడా చెప్పేసింది: తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో మొదటిది, రెండోది పదహారు నుంచి పద్దెనిమిది నెలల మధ్య, తర్వాత ఆరు నెలలకోసారి ఐదేళ్లదాకా, మొత్తం తొమ్మిది. ఆ పేపరు నోట్స్ అమ్మ చెబుతుంటేనే రాసుకుంటాను. ఆదివారం పొద్దున్నే కూర్చుందాం అంది.