ఏ తేదీ నుంచి?

అమ్మ చిత్తూరు కోర్టులో ముప్పై ఆరేళ్లు వకీలుగా పనిచేసింది. ఆస్తి కేసు కోసం వచ్చిన ఆడవాళ్లను మొదట అడిగే మాట ఒకటే: "నీ పెళ్లి ఏ తేదీన అయిందమ్మా?"

దానికి కారణముంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ సమాన వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్ర చట్టం మారేదాకా, అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లకు మాత్రం అది వర్తించేది కాదు. అందుకని అన్నదమ్ములు "మా చెల్లెలి పెళ్లి అంతకు ముందే అయిపోయింది" అని కోర్టులో చెప్పేవాళ్లు. అమ్మ పెళ్లి పత్రికలు వెతికించేది, ఫోటోల వెనక రాసినవి చదివించేది, స్కూలు రికార్డులు తెప్పించేది. "ఏదో మామిడికాయల కాలంలో అయిందమ్మా" అంటే ఒప్పుకునేది కాదు. "ఏ సంవత్సరం మామిడికాయలు?" అనేది.

అలాంటి అమ్మను ఒక డాక్టరు "కడుపు ఉబ్బరం ఎప్పటినుంచి?" అని అడిగితే, "ఏమో, కొన్నాళ్లుగా" అంది. నేను పక్కనే ఉన్నాను. ఊరందరి తేదీలూ గుర్తుపెట్టుకున్న మనిషి తన నొప్పికి ఒక్క తేదీ రాసుకోలేదు. ఇది 2021 ఆగస్టులో. ఆ డాక్టరు కడుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "కోర్టులో టెన్షన్లు, వేళకు తినకపోవడం. ఈ వయసులో గ్యాస్ అందరికీ ఉంటుంది" అని మాత్రలు రాశాడు. ఐదు నెలలు అవే మాత్రలు. రెండు ముద్దలు తింటే చాలు నిండిపోయేది, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లేది, చీర కుచ్చిళ్లు నడుము దగ్గర సరిపోవడం లేదనేది. మేం లావైందనుకున్నాం. 2022 జనవరిలో వేరే డాక్టరమ్మ స్కాన్ చేయిస్తే కడుపునిండా నీళ్లు. సీఏ-125 అనే రక్తపరీక్ష 35 లోపు ఉండాలి, అమ్మకు 1,840. అండాశయ క్యాన్సర్, మూడో దశ.

మా ఊళ్లో పెద్ద జబ్బంటే వేలూరు ఆసుపత్రే గుర్తొస్తుంది. కానీ నేనుండేది తిరుపతిలో కాబట్టి తిరుపతిలోనే చూపించాం. మూడు కీమోలు, తర్వాత ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు అన్నారు. వాటి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. జుట్టు ఊడింది, నోరు పూసింది, రాగి అంబలి తప్ప ఏదీ దిగలేదు. చెప్పాల్సింది ఒక రాత్రి గురించి.

రెండో కీమో అయిన పదో రోజున ఒక పాత కక్షిదారు దావా వాదనకు వచ్చింది. జూనియర్ చూసుకుంటాడు, వద్దన్నాను. "పదకొండేళ్లుగా నన్ను నమ్ముకుని తిరుగుతోంది పాపా" అని, తలకు కండువా చుట్టుకుని వెళ్లింది. ఆమె వెంట నేనూ చిత్తూరు వెళ్లాను. కీమో తర్వాత ఆ రోజుల్లోనే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయనీ, చిన్న సూక్ష్మజీవి కూడా ప్రాణం మీదికి తెస్తుందనీ మాకు చెప్పారు. విన్నాం కానీ, అదెలా ఉంటుందో తెలియదు.

ఆ రాత్రి పదకొండుకు జ్వరం 101.4. దగ్గర్లోని నర్సింగ్ హోముకు ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు, "కీమో వాళ్లకు జ్వరాలు మామూలేనండీ, పారాసెటమాల్ వెయ్యండి, పొద్దున తీసుకురండి" అన్నాడు. నాకు ఆ మాట హాయిగా అనిపించింది. ఈ విషయం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మాత్ర తీసుకుని గదిలోకి వెళ్లాను. అమ్మ లేచి కూర్చుని ఉంది. "ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితం తీసుకురా" అంది. జ్వరం 100.4 దాటితే వెంటనే రావాలన్న వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో ఎప్పుడో గీత గీసి పెట్టుకుంది. వేలు పెట్టి చూపించింది.

"ఇందులో 'వెంటనే' అని ఉంది. 'పొద్దున' అని లేదు. గుమాస్తాను బండి తెమ్మను."

మా గుమాస్తా అన్న లుంగీ మీదే వచ్చేశాడు. తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు. పూతలపట్టు దాటేసరికి వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. ఆ తర్వాత వణుకు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. అదే తప్పు. చంద్రగిరి దగ్గర నా ముఖంలోకి చూసి, "సాక్షి వచ్చిందా?" అని అడిగింది. "అమ్మా, నేనమ్మా" అన్నాను. "సాక్షిని పిలవండి" అంది మళ్లీ, ఎంతో మర్యాదగా. అన్న బండి వేగం పెంచాడు, ఏడుస్తూనే తోలాడు. దూరంగా కొండమీద ఘాట్ రోడ్డు దీపాలు కనిపించాయి. దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు. రెండు చేతులతో అమ్మ తల పట్టుకుని ఉన్నాను.

క్యాజువాలిటీలో బీపీ 80కి దిగిపోయి ఉంది. నరం దొరకడం లేదు. మదనపల్లె వైపు యాసలో మాట్లాడే ఒక చిన్న నర్సు అమ్మ చెయ్యిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్ది, వెచ్చబరిచి, మూడోసారికి సూది ఎక్కించింది. గంటలోపే యాంటీబయాటిక్ పడింది. పొద్దున దాకా ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ అమ్మాయి పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఎక్కడున్నా ఆమె పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

దాంతో అమ్మ మరో పద్దెనిమిది నెలలు మాతో ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది, మళ్లీ కోర్టుకు వెళ్లింది. 2023 వేసవిలో జబ్బు తిరగబెట్టింది.

అప్పుడే ఆ మాట విన్నాం. పెద్ద డాక్టరు నలుగురు విద్యార్థులతో రౌండ్సుకు వచ్చాడు. మంచం మీద ఉన్నది పల్లెటూరి మనిషి అనుకున్నాడో ఏమో, ఇంగ్లీషులో, "ఈ కేసులో ఇక చేయగలిగింది పెద్దగా లేదు" అని వాళ్లకు చెప్పాడు. అమ్మ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది: "నేను ఇక్కడే ఉన్నాను డాక్టర్ గారూ. ఆ మాట నాకు చెప్పండి." ఆయన ముఖం మాడిపోయింది. ఆ రోజు నాకొచ్చిన కోపం చల్లారడానికి చాలా కాలం పట్టింది. కానీ ఇదీ చెప్పాలి. ఆ సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చి, కుర్చీ లాక్కుని అరగంట కూర్చున్నాడు. తప్పయిందన్నాడు. ఎంత కాలం ఉండొచ్చో, నొప్పి ఎలా తగ్గిస్తారో దాచకుండా చెప్పాడు. అమ్మకు జన్యు పరీక్ష చేయించమని పట్టుబట్టింది కూడా ఆయనే. ఈ రోజు నేను ధైర్యంగా ఉన్నానంటే ఆయన పుణ్యం కూడా ఉంది.

పరీక్షలో బీఆర్‌సీఏ-1 అనే జన్యువులో లోపం ఉందని తేలింది. ఆ లోపం ఉన్న ఆడవాళ్లకు అండాశయ, రొమ్ము క్యాన్సర్ల ముప్పు బాగా ఎక్కువ. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. అమ్మ చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. తర్వాత అంది: "ఇది నా స్వార్జితం కాదు పాపా, పిత్రార్జితం. మా నాయన తల్లి కూడా కడుపు ఉబ్బే పోయింది. గాలి సోకిందన్నారు." తాతకు ఏ జబ్బూ లేదు. ఆయన్నుంచే అమ్మకు వచ్చి ఉంటుంది. ఆడవాళ్ల జబ్బు తండ్రి వైపు నుంచి కూడా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నన్నూ చెల్లినీ దగ్గర కూర్చోబెట్టుకుని, "వాటా ఉందో లేదో చూసుకోండి. చూసుకున్నంత మాత్రాన కొత్తగా వచ్చేది కాదు" అంది. అదే అమ్మ మాకు చెప్పిన ఆఖరి పని. అక్టోబరులో ఇంట్లోనే, పొద్దున్నే పోయింది. నల్లకోట్లతో బార్ అంతా వచ్చింది. పదకొండేళ్లు అమ్మను నమ్ముకున్న ఆ కక్షిదారు గేటు బయటే కూర్చుని ఏడ్చింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

నాకు పరీక్షలో లోపం ఉందనే వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. 2024లో అండాశయాలు, ట్యూబులు తీయించుకున్నాను. రిపోర్టులో ఏమీ లేదని వచ్చిన రోజు బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. అమ్మకు ఈ అవకాశం దొరకలేదు కదా అని. ఆపరేషన్ సులువే, రెండు రోజుల్లో ఇంటికొచ్చాను. తర్వాతే కష్టం. ఒక్కసారిగా ముట్లుడిగిపోయి అర్ధరాత్రి ఒళ్లంతా సెగలు, నిద్ర లేదు, పిల్లల మీద ఊరికే కోపం. మందులతో ఆరు నెలలకు తేరుకున్నాను. రొమ్ములకు ఏటా ఎంఆర్ఐ తప్పదు. బంధువుల్లో ఒకామె, "రోగం లేకుండానే కోయించుకున్నావే, మీ అమ్మ పిచ్చి నీకూ వచ్చింది" అంది. ఆమె ముందు నోరు మెదపలేదు. ఇక్కడ చెబుతున్నాను: అవును, మా అమ్మ బుద్ధి నాకు వచ్చింది.

నలభై దాటిన ఆడవాళ్లకు ఒక్క మాట. కడుపుబ్బరం రెండు మూడు వారాలకు మించి ఉంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోకండి. పొత్తికడుపు స్కాన్ చేయమని అడగండి. మొదలైన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి.

ఒళ్లు కుదుటపడ్డాక కాణిపాకం వెళ్లాను. ఆ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి మా జిల్లాలో ఎంతటివాడైనా జంకుతాడు. ఆ మొదటి డాక్టరును క్షమించానని స్వామికి చెప్పుకుందామని నిలబడ్డాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిజం కాని మాట అక్కడ ఎలా అంటాను? చెల్లిని చల్లగా చూడమని మాత్రం వేడుకుని వచ్చేశాను.

చెల్లి ఇంకా పరీక్ష చేయించుకోలేదు. అత్తగారింట్లో తెలిస్తే ఏమంటారోనని, దాని పాపకు రేపు సంబంధాలు రావేమోనని భయం. రెండేళ్లు వాదించాను, అరిచాను, మాట్లాడడం కూడా మానేశాను. నిన్న రాత్రి తనే ఫోన్ చేసింది. మంగళవారం పలమనేరు నుంచి మొదటి బస్సుకు వస్తుందట. "పరగడుపునే రావాలా అక్కా?" అని అడిగింది.

అక్కర్లేదు, తినేసే రా అన్నాను.