స్తంభాలకు దొరికిన చోటు

1984లో ఎం.ఏ. తెలుగులో చేరిన రోజున ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లు తల వంచుకునే ఎక్కాను. ఆ ఎత్తైన కమాను కింద ఆగి పైకి చూస్తే పల్లెటూరి నుంచి వచ్చిన సంగతి అందరికీ తెలిసిపోతుందని బెరుకు. ఆ భవనాన్ని నాకు మొదట చూపించింది మా నాన్న.

సంక్రాంతి తర్వాత సకినాల డబ్బా పట్టుకుని వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు మెట్ల కింద విడిచి, ఒక స్తంభం దగ్గర నిలబడి అరచేయి ఆనించాడు. "ఇది మన గుట్టల రాయే బిడ్డా" అన్నాడు. నేనూ దగ్గరగా చూశాను. దూరం నుంచి ఒకే రంగుగా కనిపించే గోడలో గులాబి పలుకులు, వాటి మధ్య గాజు ముక్కల్లాంటి తెల్లనివి, మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలు. మా ఊరి చెరువు కట్ట పక్కన మేకలు ఎక్కి దిగే బండలు కూడా ఇవే. అవే ఇక్కడ చెక్కుడు పడి, నునుపు తేలి, విశ్వవిద్యాలయం అయ్యాయి.

తర్వాత ఈ కట్టడం గురించి దొరికినదంతా చదివాను. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి సొంత భవనం కోసం నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌లను దేశదేశాల విద్యాలయాలు చూసి రమ్మని పంపింది. కైరోలో హీలియోపొలిస్ ప్యాలెస్ హోటల్ కట్టిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ వారికి దొరికాడు. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభోత్సవం. ఇంత తిరిగి వచ్చినవాళ్లు లండన్‌నో పారిస్‌నో తెచ్చి అడిక్‌మెట్ గుట్టల మీద దించలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. స్తంభాలు ఎల్లోరా, అజంతాల వైపు చూస్తాయి. కమాన్లు గోల్కొండ, బీదర్‌ల వైపు చూస్తాయి. అవన్నీ ఆనాటి హైదరాబాదు రాజ్యంలోనివే. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం పాత కట్టడాలు చూసినా, కాశీ హిందూ విశ్వవిద్యాలయం శిఖరాలు చూసినా ఎవరు ఎవరి కోసం కట్టారో ఇట్టే తెలుస్తుంది. ఇక్కడ మాత్రం ఒక పాలకుడు తన రాజ్యం మొత్తాన్నీ ఒకే గోడలో చూపించాలనుకున్నాడు.

అయితే ఆ గోడ చెప్పిన మాట తరగతి గదిలో వినిపించలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. చదువు ఉర్దూలో. ఇందులో న్యాయంగా చెప్పుకోవలసినది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో తప్ప పైచదువు సాగదనుకునే కాలంలో ఒక దేశభాషలో సైన్సు, వైద్యం బోధించే సాహసం చేసింది ఉస్మానియానే. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే నిలబెట్టారు. ఆ పుస్తకాల గురించి చదివినప్పుడల్లా నాకు ఒక బాధ కలుగుతుంది: అలాంటి సంస్థ ఒక్కటి తెలుగుకు ఆనాడే ఉండి ఉంటే! రాయప్రోలు సుబ్బారావు గారి వంటి కవి ఇక్కడ తెలుగు చెప్పారు, నిజమే. కానీ తెలుగు ఒక పాఠ్యాంశంగానే ఉంది తప్ప పాఠాలు చెప్పే భాష కాలేకపోయింది. మా నాన్న నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. జీవితాంతం లెక్కలు ఉర్దూలోనే వేసుకునేవాడు. పైకి వెళ్లలేదు. ఆ రోజు స్తంభం మీద చేయి పెట్టినప్పుడు ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు.

ఇంకో సంగతి. ఈ గోడలు లేస్తున్న రోజుల్లోనే, 1938లో, వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. తర్వాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో 1969 వచ్చింది, 2009 వచ్చింది. పాలకుడు తన గొప్ప చాటడానికి కట్టించిన ముఖద్వారం ముందు విద్యార్థులు బైఠాయించారు. 2010 జనవరి 3న విద్యార్థి గర్జన సభ ఆ ఆవరణలోనే జరిగింది. టీవీలో ఆ మెట్లు జనంతో నిండిపోవడం చూస్తూ నేను మా ఇంట్లో లేచి నిలబడ్డాను. ఉద్యమం పోస్టర్ల మీద ఆ కమాను చూసినవాళ్లకు నిజాం గుర్తుకు రాలేదు, విద్యార్థులు గుర్తుకు వచ్చారు.

మా బ్యాచ్ మాత్రం అక్కడ చేసింది చిన్న పనే. ఆ మెట్ల మీద కూర్చుని వసుచరిత్ర పద్యాలు పైకి చదువుకున్నాం. కమాను కింద గొంతు కొంచెం బరువుగా, గుండ్రంగా తిరిగి వచ్చేది. గొంతు సన్నగా ఉండే మిత్రుడు కూడా అక్కడ నిలబడి చదవడానికి ముచ్చటపడేవాడు. తెలుగు శాఖ గదులూ ఆ భవనంలోనే ఉన్నాయి కాబట్టి తరగతి అయ్యాక కూడా పద్యం ఆగేది కాదు.

ఈసారి మా బ్యాచ్ పూర్వ విద్యార్థులం కలిసినప్పుడు గ్రూపు ఫొటో కోసం కమాను నడిమధ్యన వరుసగా నిలబెడతారు. అది అయ్యాక మా వాళ్లంతా ఒక్క పది నిమిషాలు నాతో స్తంభాల వైపు రండి. ఆ రాయి మీద చేయి పెట్టి చూడండి. వాన పడుతుంటే మానేయకండి. ఆ గులాబి రంగు తడిసినప్పుడే బాగా తేలుతుంది.