వాచీ లేని రోజు

పొద్దున్నే వాచీ బెల్టు తెగింది. టైముదేముంది, ఫోన్లో చూసుకోవచ్చు. నాకు వాచీతో అసలు పని వేరే. అది ఉన్న చెయ్యి ఎడమ చెయ్యి. నలభై రెండేళ్ళొచ్చాక ఇలా రాసుకోవడం సిగ్గుగానే ఉంది.

తాడేపల్లిలో పిన్నిని చూడ్డానికి ఆటోలో బయల్దేరాను. ప్రకాశం బ్యారేజీ మీద ఉన్నంతసేపూ నాకు ధైర్యం. బెజవాడ నుంచి వెళ్తుంటే నిండుగా నీళ్ళున్న వైపు కుడి, ఇసుక మేటలు కనిపించే వైపు ఎడమ. వచ్చేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుందని గుర్తుండాలి, అంతే.

బ్యారేజీ దిగాక "లెఫ్టా మేడమ్, రైటా?" అన్నాడు ఆటో అబ్బాయి. అలవాటుగా మణికట్టు చూసుకున్నాను. రెండూ బోసిగా ఉన్నాయి. టెన్షన్‌లో "రైట్" అనేశాను. చెయ్యి మాత్రం ఎడమకే చూపించింది. పాపం అతను నోటిమాటే విన్నాడు. ఉండవల్లి రోడ్డెక్కాక గాని నేను చూసుకోలేదు. వెనక్కి తిప్పించి, అడిగిన ఇరవై ఎక్కువే ఇచ్చాను. నేను దారి చెబితే చేతిని నమ్మాలి, నోటిని కాదు. మా ఆయనకి పెళ్ళైన కొత్తలోనే తెలిసిపోయింది.

తెలుగులో అడిగితే కాస్త నయం. ముద్ద కలుపుతున్నట్టు వేళ్ళు కదిపి చూసుకుంటాను, అది కుడి. రైట్ అంటే కుడి, కుడి అంటే అన్నం తినే చెయ్యి... ఇంత లెక్క తేలేలోగా మలుపు దాటిపోతుంది. చిన్నప్పుడు బస్సులో కండక్టరు "రైట్ రైట్" అంటే బస్సు నేరుగా పోయేది, ఇంక నాకేం అర్థమవుతుంది? డ్రిల్లు పీరియడ్‌లో "రైట్ టర్న్" అనగానే వరసంతా ఒకవైపు తిరిగేది. నేను మాత్రం పక్కమ్మాయి ముఖంలోకి చూస్తూ నిలబడేదాన్ని.

పిన్ని దగ్గర ఈ బాధ లేదు. "ఉత్తరపు గూట్లో కందిపప్పు డబ్బా ఉంది, పట్రావే" అంది. తడుముకోకుండా తెచ్చాను. మా అమ్మమ్మైతే మంచం మీద పడుకున్నవాళ్ళని కూడా "కాస్త పడమటికి జరగరా" అనేది. నేనెటు తిరిగినా తూర్పు తూర్పే. ఈ కుడి ఎడమలే నాతోపాటు తిరిగి చంపుతాయి. ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ అనే భాషవాళ్ళు ఏ వస్తువు ఎక్కడుందో దిక్కులతోనే చెబుతారట. అక్కడ పుట్టి ఉంటే నేనూ తెలివైనదాన్నే అనిపించుకునేదాన్ని.

సాయంత్రం బీసెంట్ రోడ్డులో కొత్త బెల్టు వేయించాను. "ఏ చేతికమ్మా?" అన్నాడు షాపు పెద్దాయన, సైజు చూడ్డానికి. నేను ముద్ద కలపడం మొదలుపెట్టేలోపే ఆయన నా మణికట్టు మీద ఎండ తగలక తెల్లగా మిగిలిన చార చూసి, అక్కడే కట్టేశాడు.

పొద్దుటి నుంచీ అది అక్కడే ఉంది.