మ్వెండోకాసి ఎక్కి కరియాకూలో దిగాను

మాది విశాఖలో పెందుర్తి వైపు. బీఆర్టీఎస్ (బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) అంటే మాకొక రోడ్డు పేరు, అంతకుమించి ఏమీ కాదు. బస్సుల కోసమని మధ్యలో వేసిన లేన్లలో ఆటోలూ కార్లూ దర్జాగా పోతుంటాయి. అందుకే 2019లో అక్కావాళ్లని చూడ్డానికి టాంజానియా వెళ్లినప్పుడు, "ఇక్కడ బస్సులకి వేరే దారుందోయ్, చూద్దువుగాని" అని బావ అంటే నవ్వి ఊరుకున్నాను.

మొదటిరోజు మాత్రం నన్ను డాలాడాలా ఎక్కించాడు. దార్ ఎస్ సలామ్ జనాన్ని ఏళ్ల తరబడి మోసినవి ఇవే. చాలావరకు జపాన్‌లో వాడేసిన చిన్న బస్సులు, ఏ రూటు బండో తెలిసేలా ఒంటి చుట్టూ రంగు పట్టీ. ఒకప్పుడు ఐదు షిల్లింగుల బిళ్లని డాలా అనేవారట, ఆ బిళ్లే ఛార్జీ కావడంతో బండికి ఆ పేరు పడిందంటారు. కండక్టరు పేరు సగానికి విరిగి "కోండా" అయింది. తలుపుకి వేలాడుతూ, గుప్పిట్లో చిల్లర గలగలలాడిస్తూ జనాన్ని పిలుస్తుంటాడు.

నిండేదాకా బండి కదల్లేదు. కదిలాక మాత్రం పట్టపగ్గాల్లేవు. ఎందుకింత తొందరని అడిగితే బావ ఒకే మాట చెప్పాడు: హెసాబు. మన హైదరాబాదు హిసాబే! అరబ్బీ నుంచి వాళ్లూ మనమూ తెచ్చుకున్న మాట. బండి ఓనరుకి రోజుకింతని డ్రైవరు కట్టి తీరాలి. అదీ, ఆయిలు ఖర్చూ పోగా మిగిలితేనే డ్రైవరుకీ కోండాకీ కూలి. ఖాళీ సీటుతో ఎందుకు కదులుతాడు మరి? ఒకచోట యూనిఫాంలో ఉన్న పిల్లలు పరిగెత్తుకొస్తే కోండా చెయ్యి అడ్డం పెట్టేశాడు. వాళ్లకి ఛార్జీ తక్కువ, ఆక్రమించే చోటు మాత్రం అంతే. పాసు చేత్తో పట్టుకుని, ఆగకుండా పోయే బస్సు వెనక నేను పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి. కోండా మీద కోపం వచ్చింది గానీ, తప్పు అతనొక్కడిదే కాదు. లెక్కే అలా ఉంది.

నాలుగు రోజుల తర్వాత మొరొగోరో ఊరి నుంచి తిరిగొస్తూ దార్ ఎస్ సలామ్‌లోని ఉబుంగోలో దిగాను. అప్పటికింకా ఆ కూడలిలో ఫ్లైఓవర్ కడుతున్నారు. దుమ్ము, హారన్లు, బజాజీలు. అవును, ఆటోని అక్కడ బజాజీ అనే అంటారు. బావకి ఫోన్ చేస్తే, "టాక్సీ వద్దు, మ్వెండోకాసి ఎక్కు, కివుకోనీ స్టేషన్లో కలుద్దాం" అన్నాడు. మ్వెండోకాసి అంటే వడిగా పోయేదని అర్థం. బావ చెప్పిన వేరే దారి బస్సు ఇదే. కాగితాల మీద పేరు వేరే ఉంది గానీ ఊరంతా ఇలాగే పిలుస్తుంది.

స్టేషను నడిరోడ్డు మీద ఉంది. టికెట్టు అప్పట్లో 650 షిల్లింగులు, అప్పటి లెక్కన మన ఇరవై రూపాయలు. టికెట్టు లోపలికి వెళ్లే ముందే కొనాలి కాబట్టి బస్సులో చిల్లర గొడవ లేదు. నాకన్నిటికన్నా నచ్చింది బస్సు గుమ్మం. ప్లాట్‌ఫామూ బస్సు నేలా ఒకే ఎత్తు. కాంగా అనే రంగుల గుడ్డ కట్టుకుని నెత్తిన మూటతో ఉన్న ఒక ముసలావిడ, పక్కింట్లోకి వెళ్లినట్టు నడిచి వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు చూసి భయపడే మా అమ్మ కళ్లముందు మెదిలింది.

మధ్యలో మడత పడే పద్దెనిమిది మీటర్ల బస్సు అది. పక్క లేన్లలో కార్లు కదలకుండా ఉంటే మేం పోతూనే ఉన్నాం. స్టేషన్ల దగ్గర రోడ్డు వెడల్పవుతుంది. ఒక బస్సు ఆగి ఉన్నా వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్ దాన్ని దాటిపోవచ్చు. అసలు మర్మం ఇక్కడే ఉందనిపించింది.

ఇక రద్దీ. కాలు మోపితే మళ్లీ తీసే చోటు లేదు. 2016 మేలో ఇరవయ్యొక్క కిలోమీటర్ల దారి మీద 140 బస్సులతో మొదలైంది ఇది. 2012 జనాభా లెక్కలకే ఊళ్లో 43 లక్షలకు పైగా జనం. రవాణా బాగుచేసుకున్నందుకు 2018కి అంతర్జాతీయ అవార్డు కూడా వచ్చింది, ఆఫ్రికాలో ఆ అవార్డు మొదట అందుకున్న నగరం ఇదే. నా పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాడికి ఆ సంగతి చెబితే, "అవార్డులో సీట్లుంటే కూర్చుందాం" అన్నాడు.

జాంగ్వానీ దగ్గర రోడ్డు పల్లంలోకి దిగింది. ఎంసింబాజీ నది వరద పారే నేల. అప్పట్లో బస్సుల డిపో అక్కడే! పెద్దవానలకి రోడ్డు మునిగితే రాకపోకలు ఆపేస్తారట. అంతకుముందు ఏడాది డిపోలోకి నీళ్లొచ్చి బస్సులే పాడయ్యాయి. చెరువులో కాలనీలు కట్టుకునే వాళ్లం, వాళ్లనేం అంటాం.

ఈ ఆలోచనల్లో ఉండగా ఫైర్ స్టేషను దాటాక బస్సు కుడికి తిరిగింది. కివుకోనీకి నేరుగా పోవాలి కదా! నేనెక్కింది గెరెజానీ వైపు పోయే బస్సు. దిగేసరికి కరియాకూ బజారు నడిమధ్యన ఉన్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో సామాన్లు మోసిన కూలీల దళం, క్యారియర్ కోర్. ఆ మాటే నలిగి నలిగి కరియాకూ అయింది. చొక్కాల గుట్టలు, ఫోన్ కవర్లు, ఉల్లిపాయలు, అల్లం. పావుగంట మైమరచి తిరిగాను.

"బోర్డు చూసుకోలేదా?" అన్నాడు బావ ఫోన్లో.

"ఒక ముసలావిణ్ణి చూస్తూ ఎక్కేశాను బావా."

"ఎవర్రా ఆ ముసలావిడ?" అని అటు నుంచి అక్క గొంతు.

మళ్లీ టికెట్టు కొని, ఈసారి బోర్డు రెండుసార్లు చదివి ఎక్కాను.