దిగి నడిచిన అర కిలోమీటరు

పదకొండున్నర దాటింది. తొడలు రెండూ లాగేస్తా ఉన్నాయి, కానీ నిద్ర పట్టనిది వాటి వల్ల కాదు. సాయంత్రం మా సైకిల్ గ్రూపులో వచ్చిన ఒక్క మెసేజ్ వల్ల. నా రైడు స్ట్రావాలో, అంటే తొక్కిన దారి, స్పీడు అందరికీ చూపించే యాప్‌లో, చూసి పెట్టింది. "ఘాట్‌లో స్పీడు నాలుక్కి పడిపోయింది, దిగి నడిచారా సార్? అయితే లూప్ అయినట్టు కాదు కదా." కింద ఒక నవ్వు బొమ్మ. ఎవరు పెట్టారో చెప్పను, పోయిన వానాకాలం నా టైర్ల గురించి మాట్లాడినాయనే.

ఆ మెసేజ్ నేను చూడకముందే చిన్నది నా ఫోన్ తీసి గట్టిగా చదివేసింది. "నాన్నా, నువ్వు సైకిల్ దిగేసినావా?" అంది. అన్నం తింటా ఉన్నా, ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ఆవిడేమో "దిగితే ఏం, ఇంటికొచ్చాడు కదా" అని పప్పు వడ్డించి వెళ్ళిపోయింది.

ఎన్ని నెలల నుంచి అనుకుంటున్న లూప్ అది, పొదలకూరులో బయల్దేరి చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే రావడం. రాత్రే పొదలకూరులో అక్కా వాళ్ళింటికి చేరి, తెల్లారి ఐదున్నరకి లైటేసుకుని బయల్దేరా. రాపూరు దాకా ఇబ్బందేం లేదు. సంక్రాంతి పోయి వారమైనా మంచు బాగా దిగుతా ఉంది, నిమ్మతోటల పక్కన పోయేటప్పుడు ఆ చల్లగాలిలో ఆకు వాసన ముక్కుకి ఘాటుగా తగులుతుంది, అది నాకు ఎంతిష్టమో ఇక్కడ ఇప్పటికి పదిసార్లు రాసుంటాను. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, ఒక్కదానికీ తెల్లరంగు లేదు, చీకట్లో రెండు చూసుకోలేదు, రెండోదానికి పళ్ళు కరుచుకున్నాయి. రోడ్డు పక్కన మట్టిలోకి దిగుదామంటే పల్లేరుకాయలు. ఈ సన్న టైర్లకి ఒక్క పల్లేరుకాయ చాలు.

రాపూరు దాటి చిట్వేలు రోడ్డెక్కితే వెలిగొండలు మీదికొచ్చేస్తాయి. ఘాట్ మొదలయ్యేదాకా రోడ్డు కొద్దికొద్దిగా లేస్తానే ఉంటుంది, అది కంటికి తెలీదు, కాళ్ళకే తెలుస్తుంది. అసలు మిట్టకి ముందే నేను సగం ఖర్చయిపోయినట్టున్నా. నా సైకిల్‌కి ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్దదానికి 28. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఒకటింబావు చుట్టు తిరుగుతుంది. నిమిషానికి యాభై చుట్లు తిప్పినా గంటకి ఏడున్నర కిలోమీటర్లు పోవాల్సిందే, దానికన్నా మెల్లగా పోవాలంటే పెడల్ ఇనుములాగా బిగుసుకుపోతుంది. ఆ మలుపు దగ్గర అదే జరిగింది. వెనక లారీ హారన్, ముందు మలుపు లోపలి వైపు రోడ్డు నిట్టనిలువు, నా గుండె చెవుల్లో కొట్టుకుంటా ఉంది. కుడికాలు క్లీట్, అంటే బూటుని పెడల్‌కి పట్టించే బిళ్ళ, ఊడదీసుకుని దిగేశా. దిగి, నడిచా. బూటు కింద ఆ క్లీట్ టకటకమని రోడ్డుకి తగిలే చప్పుడు ఇంకా వినపడతా ఉంది. 450 మీటర్లు, సైకిల్ మీటర్లో చూసుకున్నా. మళ్ళీ ఎక్కి పైదాకా తొక్కా. పైన గాలి చల్లగా, అవతల వైపు అడవి కింద దాకా ఒకటే పచ్చగా, రెండు నిమిషాలు నిలబడ్డా. అంతే, దాని గురించి రాయడానికి ఇప్పుడు మనసు రావట్లేదు.

ఆ పెద్దమనిషి మీద కోపం ఎందుకంటే, ఆయన కారులో సైకిల్ వేసుకుని వచ్చి కృష్ణపట్నం రోడ్డులో తొక్కి ఫొటోలు పెడతాడు. సముద్రం ఒడ్డు నేల, బల్లపరుపు. మిట్ట అంటే ఏందో కాళ్ళతో తెలుసుకోని మనిషి నాకు చెప్పడమేంది? పైగా నడవడం సైకిల్‌లో భాగం కాదని ఎవరన్నారు?

నాయన కూడా దిగి నడిచేవాడు. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పాలనిపిస్తా ఉంది. నిమ్మకాయలు కోసిన రోజు చీకటితోనే రెండు గోతాలు క్యారియర్ మీద అడ్డంగా వేసి, పాత ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, పొదలకూరు మండీకి తోలుకుపోయేవాడు. సెలవు రోజుల్లో నన్ను ముందు రాడ్డు మీద కూర్చోబెట్టుకునేవాడు, రాడ్డుకి తువ్వాలు చుట్టేవాడు నాకు ఒత్తుకోకుండా. చెరువు కట్ట దగ్గర ఒక మిట్ట ఉంటుంది, ఇప్పుడు చూస్తే అది మిట్టే కాదు. ఆ మిట్ట ఇంకా మొదలు కాకముందే, సైకిల్ దొర్లుతా ఉండంగానే, కాలు వెనక నుంచి తిప్పి దిగేసేవాడు. ఒక్కసారి కూడా ఆయాసం వచ్చేదాకా తొక్కింది లేదు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి వెనక గోతం మీద, భుజం దానికి ఆనించి, వంగి నెట్టేవాడు. ముంజేతులనిండా నిమ్మముళ్ళ గీతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. వెనక ఫ్రీవీల్ టిక్ టిక్ టిక్ అని సన్నగా మోగతా ఉండేది, నాకు ఆ చప్పుడుకి కునుకు పట్టేది. "నాయనా, తొక్కు" అని ఒకసారి అన్నాను, స్కూల్ పిల్లోళ్ళు ఎవరో ఎదురొస్తా ఉన్నారని. ఆయనేమీ అనలేదు. మిట్ట అయిపోయాక, నెట్టుకుంటానే రెండు అడుగులు పరిగెత్తి ఎక్కాడు, ఎప్పట్లానే.

ఇదంతా ఆ మెసేజ్‌కి జవాబుగా టైప్ చేశా. సగం టైప్ చేశాక ఆగిపోయా.

నాయన వెనక లోడు ఉంది. ఒక్కొక్క గోతం ఎంత బరువో నాకు తెలీదు గానీ దించేటప్పుడు ఇద్దరు పట్టేవాళ్ళు. ఆయనది ఒకే గేరు సైకిల్, పెడల్ చుట్టుకి చక్రం దాదాపు రెండున్నర చుట్లు, నాకంటే రెండింతలు బరువైన గేరు. నా వెనక ఏముంది? రెండు నీళ్ళ బాటిళ్ళు, ఒక ట్యూబు, రెండు అరటిపళ్ళు. ఆయన దిగింది కాయలు మండీకి చేరాలని. నేను దిగింది ఇక తొక్కలేక. ఈ రెండూ ఒకటే అని రాయడం నాయనకి అన్యాయం. చెరిపేశా.

ఇంకోటి కూడా ఉంది. ఇంటికి రాంగానే గ్రూపులో "లూప్ అయిపోయింది" అని పెట్టింది నేనే. నడిచానని రాయలేదు. మరిచిపోయి కాదు. రాయకూడదనే రాయలేదు. ఆయన అడిగిన తీరు బాగలేదు, ఆ నవ్వు బొమ్మ అస్సలు బాగలేదు, కానీ అడిగింది తప్పు కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఐదు గంటలు పట్టింది.

ఘాట్ దిగి వచ్చేటప్పుడు కండలేరు డ్యాం వైపు తిరిగా. పదకొండు కిలోమీటర్ల మట్టికట్ట, 68 టీఎంసీలు పట్టే చెరువు, ఈసారి నిండుగా ఉంది, నీళ్ళ మీద ఎండ పడి కళ్ళు విప్పలేకపోయా. సోమశిల నుంచి కాలువలో వచ్చి ఇక్కడ చేరి, ఇక్కడ్నించి చెన్నైకి తాగడానికి పోతాయి. 1983లో రామారావు, ఎంజీఆర్ కూర్చుని ఒప్పందం రాసుకుంటే నీళ్ళు అక్కడికి చేరింది 1996లో. నాయన దీని గురించి ఎప్పుడు మాట్లాడినా "మన పొలం పక్కన పారి మనల్ని అడక్కుండా పోతాయి" అనేవాడు, తర్వాత ఆయనే "తాగే నీళ్ళురా, అనకూడదు" అనేవాడు. కట్ట పక్కన కూర్చుని ఒక అరటిపండు తిన్నా, అప్పుడు నడిచిన సంగతి గుర్తే లేదు. అక్కడ్నించి పొదలకూరు దాకా తూర్పుగాలి ఎదురు. దాంతోనే తల వంచుకుని గంటన్నర తొక్కా, ఆ గంటన్నర దిగలేదు. వంద కిలోమీటర్లు దాటింది మొత్తం. అక్క ఇచ్చిన మజ్జిగ నిలబడే మూడు గ్లాసులు తాగా.

ఇప్పుడే స్ట్రావాలో పేరు మార్చా. "రాపూరు ఘాట్, కండలేరు, 450 మీటర్లు నడక" అని. గ్రూపులో ఏమీ పెట్టలేదు, చూస్తే చూస్తాడు.

చిన్నదానికి మాత్రం జవాబు చెప్పలేదు. అది పడుకుంది. అవును దిగాను అని పొద్దున చెప్పాలి. తర్వాత బజార్లో మెకానిక్‌ని కనుక్కోవాలి, వెనక 34 పళ్ళది వేస్తే నా డెరైలర్‌కి, అంటే గేర్లు మార్చేదానికి, సరిపోతుందా, చైను కూడా మార్చాల్సొస్తుందా అని. ముందు 34, వెనక 34 అయితే అదే యాభై చుట్లకి గంటకి ఆరుంబావులో పోవచ్చు. ఆ మలుపులో ఆ రవంత తేడా సరిపోద్దేమో. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే ఇంకోసారి పోవాలి.